ఒకే విగ్రహం, నిలబడ్డ చోటును బట్టి ఎన్నో రూపాలు: బందరు రోడ్డు నుంచి అమరావతి దాకా చూపు లెక్కలు

కొత్త విగ్రహం ఎక్కడ నిలబెట్టినా ఆ సాయంత్రానికే ఫోన్లలో వాదన మొదలవుతుంది. ఒక ఫొటో చూసినవాళ్లు ముఖంలో పోలిక రాలేదంటారు, ఇంకో ఫొటో చూసినవాళ్లు అచ్చు గుద్దినట్టుందంటారు. తల మరీ చిన్నదైందని ఒకరు, కాళ్లు లావయ్యాయని ఒకరు. శిల్పికి పని రాదని కొందరు తేల్చేస్తే, కావాలనే అలా ఫొటో తీశారని మరికొందరు కోప్పడతారు.

విజయవాడ స్వరాజ్య మైదానంలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేద్కర్ మహాశిల్పాన్నే తీసుకుందాం. బందరు రోడ్డు మీద బస్సులో పోతూ కిటికీలోంచి చూసేవారు, పీఠం ముందు నిలబడి తలెత్తి చూసేవారు, ఎక్కడో మేడ మీద బట్టలు ఆరేస్తూ చూసేవారు ఒకే బొమ్మను చూడడం లేదు. ఆ తేడా ఎంతో లెక్కగట్టి చెప్పొచ్చు. ఆ లెక్క తెలిస్తే విగ్రహాల మీద జరిగే గొడవల్లో ఏది శిల్పి బాధ్యతో, ఏది స్థలం నిర్ణయించినవారి బాధ్యతో విడదీయడం సులువవుతుంది.

ముందుగా రెండు మాటలు

ఒకటి, చూపు కోణం. వస్తువు అడుగు నుంచి మన కంటికి ఒక గీత, పైకొన నుంచి ఇంకో గీత గీస్తే ఆ రెండింటి మధ్య వచ్చేదే చూపు కోణం. కంటికి ఒక వస్తువు ఎంత పెద్దదిగా కనిపిస్తుందో చెప్పేది ఇదే. చెయ్యి పూర్తిగా చాచి బొటనవేలు నిలబెడితే దాని వెడల్పు సుమారు 2 డిగ్రీలు. అలాగే పట్టిన పిడికిలి సుమారు 10 డిగ్రీలు. పున్నమి చంద్రుడు అర డిగ్రీ మాత్రమే.

రెండోది, కుదింపు. మన వైపు చాచిన చెయ్యి పొట్టిగా కనిపిస్తుంది, అదే చెయ్యి పక్కకు చాస్తే బారెడు ఉంటుంది. వస్తువు కంటి గీతకు ఎంత ఏటవాలుగా ఉంటే అంత కుదించుకుపోతుంది. అంబేద్కర్ విగ్రహాల్లో చాచిన కుడిచెయ్యి, చూపుడువేలు అందరికీ తెలిసినవే. వేలు చూపే దిక్కులో ఎదురుగా నిలబడితే చెయ్యంతా ముడుచుకుపోయి వేలి కొన మాత్రం మిగులుతుంది. పక్కకు నాలుగడుగులు వేస్తే చెయ్యి మొత్తం విచ్చుకుంటుంది. ఎదుట నిలబడ్డవారికి అది తమనే ఉద్దేశించి చెబుతున్నట్టుంటుంది, పక్కనున్నవారికి ఎటో దారి చూపిస్తున్నట్టుంటుంది. ఇద్దరూ చూసింది నిజమే.

206 అడుగులు ఎక్కడి నుంచి ఎంత?

విజయవాడ విగ్రహం 125 అడుగులు, దాని కింది పీఠం 81 అడుగులు, మొత్తం 206. లెక్క సులువుగా ఉండడానికి విగ్రహాన్ని నిటారు కర్ర అనుకుందాం. కంటి ఎత్తు 5 అడుగులు. పీఠం వెడల్పును ప్రస్తుతానికి పక్కన పెడదాం.

విగ్రహానికి 100 అడుగుల దూరంలో నిలబడ్డామనుకోండి. పాదాలు చూడడానికే చూపును 37 డిగ్రీలు పైకెత్తాలి, తల పైభాగానికి 63 డిగ్రీలు దాటాలి. విగ్రహాన్ని సరిగ్గా నడుమ సగం చేస్తే, కింది సగం మన కంటికి 17 డిగ్రీలు ఆక్రమిస్తుంది, పై సగానికి దక్కేది 9.4 డిగ్రీలే. అంటే సమానమైన రెండు సగాల్లో కిందిది పైదానికి దాదాపు 1.8 రెట్లు కనిపిస్తుంది. కాళ్లు బారుగా, ఛాతీ తల కుదించినట్టుగా ఉన్నాయన్న ఫిర్యాదు పుట్టేది ఇక్కడే.

ఇప్పుడు 500 అడుగుల దూరానికి వెనక్కి వెళ్దాం. కింది సగం 6.8 డిగ్రీలు, పై సగం 6.4. తేడా దాదాపు పోయింది. శిల్పి తీర్చిన కొలతలు ఇక్కడి నుంచే ఉన్నవున్నట్టు తెలుస్తాయి. కానీ విగ్రహం మొత్తం కలిపి 13 డిగ్రీలే, పిడికిలి కంటే కాస్త ఎక్కువ. కళ్లజోడు, కోటు గుండీలు కంటికి ఆనవు.

ముఖం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. తల విగ్రహంలో ఎనిమిదో వంతు, అంటే సుమారు 15 అడుగుల 7 అంగుళాలు అనుకుందాం. 500 అడుగుల నుంచి ఆ తల 1.6 డిగ్రీలు. దగ్గరికి వచ్చేకొద్దీ పెరుగుతూ 193 అడుగుల దగ్గర 2.3 డిగ్రీలకు చేరుతుంది. ఇంకా ముందుకు వస్తే ఏమవుతుంది? తగ్గడం మొదలవుతుంది. 100 అడుగుల దగ్గర 1.9, 60 అడుగుల దగ్గర 1.3. ముఖం బాగా చూద్దామని పీఠం దాకా వెళ్లినవారికి దూరంగా ఉన్నవారికంటే చిన్న ముఖం కనిపిస్తుంది.

పీఠం వెడల్పును ఇప్పుడు లెక్కలోకి తెద్దాం. పాదాలకు ముందు పీఠం అంచు 20 అడుగులు బయటికి వచ్చిందని ఊహిద్దాం. 100 అడుగుల దూరం నుంచి చూసేవారికి ఆ అంచు విగ్రహంలో అడుగున 19 అడుగులను మింగేస్తుంది. బూట్లు, పిక్కలు ఎగిరిపోతాయి. 500 అడుగుల నుంచి చూస్తే పోయేది 3 అడుగులే.

పీఠం పెరిగితే బొమ్మ చిన్నదవుతుందా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. నేలకు పైన నిటారుగా వేలాడే కర్ర నేల మీద ఏ చోటు నుంచి అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుందో చెప్పమని 1471లో రెజియోమొంటానస్ అనే జర్మన్ గణితవేత్త అడిగాడు. జవాబు చిన్నది. కంటి మట్టం నుంచి కర్ర అడుగుకున్న ఎత్తును, పైకొనకున్న ఎత్తును గుణించి వర్గమూలం తీస్తే ఆ దూరం వస్తుంది.

మన విగ్రహానికి ఆ రెండు ఎత్తులు 76, 201 అడుగులు. వర్గమూలం 124 అడుగులకు కాస్త తక్కువ. అక్కడ నిలబడితే విగ్రహం 26.8 డిగ్రీలు కనిపిస్తుంది. నేల మీద ఇంకెక్కడి నుంచి చూసినా అంతకంటే పెద్దదిగా కనిపించదు.

హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహం కూడా 125 అడుగులే. అక్కడి పీఠం 50 అడుగులు, మొత్తం 175. అదే సూత్రం పెడితే అనువైన దూరం 87 అడుగులు, కోణం 35.5 డిగ్రీలు. మొత్తం ఎత్తులో విజయవాడది 31 అడుగులు ఎక్కువ. అయినా నేల మీద దగ్గరగా నిలబడిన మనిషి కంటికి హైదరాబాద్ విగ్రహమే పెద్దదిగా కనిపించాలి. ఆ 31 అడుగులూ మనిషికీ విగ్రహానికీ మధ్య దూరంగా మారాయి.

అంతమాత్రాన ఎత్తైన పీఠం తప్పని తీర్మానించలేం. విగ్రహానికి 1000 అడుగుల దూరంలో నిలబడ్డారనుకోండి. సరిగ్గా సగం దారిలో పిట్టగోడతో కలిపి 40 అడుగుల ఎత్తున్న మేడ అడ్డొచ్చింది. ఆ పిట్టగోడ మీదుగా చూస్తే విగ్రహం దగ్గర 75 అడుగుల లోపు ఎత్తులో ఉన్నదేదీ కనిపించదు. పీఠం 81 అడుగులైతే పాదాల నుంచి తల దాకా విగ్రహం పూర్తిగా కనిపిస్తుంది. పీఠం 50 అడుగులే ఉంటే పిక్కల దాకా 25 అడుగులు మేడ చాటుకు పోతాయి. విజయవాడలాంటి కిక్కిరిసిన ఊళ్లో ఇది చిన్న లాభం కాదు.

నా దృష్టిలో పీఠం ఎత్తు మీద జరిగే వాదన అసలు సారం ఇదే. ఎత్తు పెంచడమంటే ఊరంతటికీ ఇచ్చి దగ్గరున్నవారి నుంచి తీసుకోవడం. తగ్గించడమంటే దగ్గరున్నవారికిచ్చి ఊరి నుంచి తీసుకోవడం. ఇద్దరికీ పూర్తిగా ఇవ్వడం లెక్కల్లో కుదరదు.

ఖాళీ జాగా కూడా ఇందులో భాగమే. 19వ శతాబ్దపు జర్మన్ వాస్తుశిల్పి హెర్మన్ మేర్టెన్స్ ఒక మోటు కొలత చెప్పాడు. స్మారకం ఎత్తుకు సమానమైన దూరంలో వివరాలు, రెండింతల దూరంలో స్మారకం మొత్తం, మూడింతల దూరంలో చుట్టుపక్కలతో కలిపి బాగా కనిపిస్తాయని. 206 అడుగులకు అవి 206, 412, 618 అడుగులు. ఊరి నడిబొడ్డున అన్ని వైపులా అంత జాగా దొరకడం కష్టం.

తల కాస్త పెద్దది చేస్తే మోసమా?

మన శిల్పశాస్త్రాల్లో మూర్తుల కొలత తాళాల్లో ఉంటుంది. తాళం 12 అంగుళాలు, ముఖం పొడవంత. ఇక్కడి అంగుళం టేపు మీది అంగుళం కాదు, ఆ మూర్తికే చెందిన కొలత. నవతాళ మూర్తికి 108 అంగుళాలు, ఉత్తమ దశతాళానికి 124. మూర్తి అరచేతిలో పట్టేదైనా గుడి గోడంతటిదైనా అవయవాల మధ్య నిష్పత్తి చెడకూడదన్నది దీని వెనకున్న పట్టుదల. పూజామూర్తి తన కొలతలో తాను సరిగ్గా ఉండాలి.

కంటికి సరిగ్గా కనిపించాలన్నది ఇంకో పట్టుదల. పెద్ద బొమ్మలు చేసే శిల్పులు అసలు కొలతలే పాటిస్తే పైభాగం చిన్నదిగా, కిందిభాగం పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి వారు కొలతలు మారుస్తారని గ్రీకు తత్వవేత్త ప్లేటో రాశాడు. అతనికది నచ్చలేదు. ఉన్నదాన్ని వదిలి కనిపించేదాన్ని చేయడం అతని లెక్కలో సత్యానికి దూరం జరగడమే. గ్రీకు శిల్పి ఫిడియాస్ గురించి ఓ కథ కూడా ప్రచారంలో ఉంది. ఇద్దరు శిల్పులు ఎథీనా దేవత విగ్రహాలు పోటీగా చేశారట. నేల మీద ఉన్నప్పుడు ఫిడియాస్ బొమ్మ వికృతంగా ఉందని జనం కొట్టడానికి వచ్చారట. స్తంభాల మీదికి ఎక్కించగానే అతనిదే అందంగా తేలిందట. ఎప్పుడో 12వ శతాబ్దంలో రాసిన కథ కాబట్టి చరిత్రగా తీసుకోలేం, కానీ సమస్యను చక్కగా పట్టుకుంది.

మైకెలాంజెలో డేవిడ్ విగ్రహం తల, చేతులు ఒంటికి పెద్దవిగా ఉంటాయి. అది మొదట అనుకున్న చోటు ఫ్లోరెన్స్ చర్చి పైకప్పు అంచు. అంత ఎత్తుకోసమే తల పెంచాడని ఒక వివరణ. అతని శైలే అది, కావాలనే చేతులకు బలమిచ్చాడని మరో వివరణ. ఏది నిజమైనా 1504లో దాన్ని నేల మీదే, పురభవనం వాకిట నిలబెట్టారు.

ఇదంతా ఎక్కడో ఇటలీ ముచ్చట కాదు. గుంటూరు జిల్లా తెనాలి విగ్రహాల తయారీకి పేరున్న ఊరు. పెద్ద విగ్రహమంటే ముందు బంకమట్టితో నమూనా, దాని మీద అచ్చు, ఆ అచ్చు నుంచి ఫైబరో కంచు పోతో. విగ్రహం చేయించేవారు చూసి సరేననేది మట్టి నమూనా దశలో, కంటికి ఎదురుగా. ఊరివాళ్లు చూసేది పది పన్నెండు అడుగుల దిమ్మె మీద, కింది నుంచి. ఎదురుగా పోలిక కుదిరిన ముఖం పైకెక్కాక కుదరకపోవచ్చు. పైకెక్కాక కుదిరేట్టు చేస్తే నమూనా దగ్గరే వద్దంటారు. నమూనాను దిమ్మె ఎత్తున పెట్టించి, కింద నిలబడి చూసి ఒప్పుకుంటే సగం పేచీలు తీరతాయి.

ఫ్లెక్సీ చూపు, విగ్రహం చూపు

సెంటర్లో కట్టిన ఫ్లెక్సీలోని నాయకుడు రోడ్డుకు ఎటు పక్క నుంచి చూసినా మనల్నే చూస్తున్నట్టుంటాడు. విగ్రహం అలా చూడదు. బల్లపరుపు బొమ్మలో కనుపాప స్థానం మారదు కాబట్టి మనం ఎటు జరిగినా ఆ చూపు మనతో వస్తుంది. విగ్రహం ముఖానికి లోతుంది. మనం పక్కకు జరిగితే ముక్కు ఒక కంటిని దాచేస్తుంది, చూపు మనల్ని వదిలి తన దిక్కున తాను పోతుంది. అందుకే విగ్రహం ఎటు తిరిగి ఉండాలన్నది అంత పట్టింపుగా మారుతుంది. నాలుగు రోడ్ల కూడలిలో ఒక రోడ్డుకు ముఖం ఇస్తే మరో రోడ్డుకు వీపు ఇవ్వక తప్పదు.

దిక్కుతో పాటే వెలుతురు. విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరాన 16.5 డిగ్రీల మీద ఉంది. ఏడాదిలో ఎక్కువ భాగం మిట్టమధ్యాహ్నపు సూర్యుడు దక్షిణం వైపుంటాడు, మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మాత్రం కాస్త ఉత్తరానికి జరుగుతాడు. తూర్పుముఖంగా ఉన్న విగ్రహానికి ఉదయం ముఖం నిండా వెలుగు, సాయంత్రం ముఖం నీడలో. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఎటు తిరిగినా కనుబొమల నీడ కళ్ల మీద పడి ముఖం కఠినంగా మారుతుంది. తెల్లవారి చూసినవారికి శాంతంగా, మధ్యాహ్నం చూసినవారికి కోపంగా కనిపించిన ముఖం ఒకటే కావచ్చు.

మంచి శిల్పులకు ఇది తెలుసు. కంచు ముఖాన్ని దగ్గరగా చూస్తే చాలాసార్లు నల్లగుడ్డు ఉండాల్సిన చోట గుంట ఉంటుంది. ఆ గుంటలో చేరిన నీడే దూరానికి నల్లగుడ్డవుతుంది. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ శిల్పి హూడాన్ ఆ గుంట పై అంచు నుంచి చిన్న రాతి పలుకును చెక్కకుండా వదిలేసేవాడు. వెలుతురు దాని మీద పడి కంట్లో మెరుపులా కనిపించేది. చేత్తో తడిమితే కళ్లలో గుంటలు, పది గజాల నుంచి చూస్తే ప్రాణమున్న చూపు.

ఫోన్ ఎక్కడి నుంచి చూస్తోంది?

ఇప్పుడు చాలామంది విగ్రహాన్ని మొదట చూసేది ఫోన్లో. అందులో డ్రోన్ ఫొటోలు ఎక్కువ. ముఖానికి సమానమైన ఎత్తులో, ఎదురుగా, కుదింపు లేకుండా తీసినవి. నేల మీద ఏ మనిషికీ దొరకని చోటది. ఆ ఫొటో చూసి వెళ్లినవారికి అక్కడి విగ్రహం వేరేలా తోస్తే వింత లేదు. సెల్ఫీ దీనికి తిరగబడ్డ సంగతి. మనిషి దగ్గర, విగ్రహం దూరం, చెయ్యి చాచితే విగ్రహాన్ని అరచేతిలో పెట్టుకోవచ్చు.

అమెరికాలోని బోస్టన్‌లో 2023 జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ దంపతుల ఆలింగనాన్ని తలపించే కంచు శిల్పం ఆవిష్కరించారు. ముఖాలు లేవు, చేతులు మాత్రమే. కొన్ని కోణాల్లో తీసిన ఫొటోలు అసభ్యంగా ఉన్నాయని పెద్ద దుమారం రేగింది. దాని కింద నడిచి, చేతుల మధ్య నిలబడి చూడాల్సిన శిల్పాన్ని ఒక్క ఫొటోతో తూచడం అన్యాయమని సమర్థించేవారు అన్నారు. బహిరంగ శిల్పం అన్ని వైపుల నుంచీ కనిపిస్తుంది కాబట్టి అన్ని వైపులకూ బాధ్యత వహించాలని విమర్శించేవారు అన్నారు. నాకు రెండో మాటలో బరువెక్కువ కనిపిస్తుంది. దారిన పోయేవారు ఏ వైపు నుంచి చూడాలో ఎంచుకోలేరు.

ఒకే చోటును నమ్ముకుని చేసిన శిల్పాలూ ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలాను అరెస్టు చేసిన హోవిక్ దగ్గర 2012లో 50 ఉక్కు స్తంభాలు నిలబెట్టారు. 35 మీటర్ల దూరంలో ఒక చోట నిలబడితే అవన్నీ కలిసి మండేలా ముఖమవుతాయి. అటూ ఇటూ జరిగితే ముఖం చెదిరి, జైలు ఊచల్లాంటి స్తంభాలు మిగులుతాయి. ఆ రెండూ కలిస్తేనే ఆ శిల్పం చెప్పే మాట పూర్తవుతుంది.

నిలబడే చోటు ఎవరిది?

లెక్కలకు లొంగని భాగం ఇది. దళితవాడ మొగలో నీలం కోటుతో నిలబడ్డ ఆరడుగుల అంబేద్కర్‌ను ఆ వీధి పిల్లలు రోజూ చూస్తారు. ఏప్రిల్ 14న దండ వేసేవారు ఆయన భుజం తాకగలరు. చాలా విగ్రహాల వెనక దండ వేయడానికి కట్టిన ఇనుప మెట్లు చూడండి. ముఖానికి ముఖం ఎదురయ్యే చోటు అదొక్కటే, అక్కడికి ఎక్కే అవకాశం కొద్దిమందిదే. 206 అడుగుల ఎత్తుకు ఆ స్పర్శ ఉండదు, దానికి బదులు ఆయన ఊరంతటికీ కనిపిస్తారు. ఊరి చివరికి నెట్టబడినవారి నాయకుడు ఊరి నడిబొడ్డున, ఎవరూ చూడకుండా ఉండలేనంత ఎత్తున నిలవడమే న్యాయమని ఒక వాదన. బహిరంగ సభలకు, పుస్తక ప్రదర్శనకు నెలవైన మైదానం పోయిందన్న బాధ మరో వైపు. ఆ ఖర్చుతో బడులు కడితే ఆయన ఆశయానికి దగ్గరగా ఉండేదన్న మాట ఇంకో వైపు. బడి ఆయన పేరు చెబుతుంది కానీ తలెత్తి చూసేలా చేయదని దానికి జవాబు. వీరందరూ నిజాయితీగానే మాట్లాడుతున్నారు, ఒక్కొక్కరు నిలబడ్డ చరిత్ర వేరు.

రోడ్డు మీది విగ్రహాల సంగతి వేరు. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజోపయోగ స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతులివ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే డ్రైవరు సెకనుకు 36 అడుగులు దాటిపోతాడు. కూడలి విగ్రహాన్ని అతను చూసేది నాలుగైదు క్షణాలే, అతనికి అది గుర్తో అడ్డంకో అవుతుంది.

నడిచేవారి కోసం చెక్కిన రాళ్లు

కదిలే కంటి కోసం శిల్పం చెక్కడం గుంటూరు సీమకు రెండు వేల ఏళ్ల నాటి విద్య. అమరావతి స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె వ్యాసం సుమారు 190 అడుగులు. కంచె బయటి వైపు ఎక్కువగా పద్మాలు, కథలు లోపలి వైపు. లోపలికి వచ్చి ప్రదక్షిణం చేసేవారికే కథ దక్కుతుంది. స్తూపం కుడిచేతి వైపు, కంచె ఎడమచేతి వైపు. కంచె వైపు తిరిగి చూస్తే నడక ఎడమ నుంచి కుడికి సాగుతుంది.

బుద్ధుడి మీదికి వదిలిన నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఎడమ వైపు ఏనుగు మదించి వీధిలో పడి మనుషుల్ని ఈడ్చేస్తుంటుంది. కుడి వైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. పైన మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు. ఒకే చట్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు. ఎడమ నుంచి నడిచి వచ్చే మనిషికి ముందు భయం, తర్వాత శాంతి వరసగా ఎదురవుతాయి. ఫొటోలో చూస్తే రెండు ఏనుగులని పొరబడతారు.

1797లో బ్రిటిష్ అధికారి కోలిన్ మెకంజీ అమరావతికి వచ్చాక, 1845లో మరో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాక ఈ రాళ్లు చెదిరిపోయాయి. వందకు పైగా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, చాలా భాగం చెన్నైలో. అక్కడ వాటిని గోడకు ఆనించి, దీపాలు వేసి, ఎదురుగా నిలబడి చూసేలా పెట్టారు. రాయి భద్రంగా ఉంది, చెక్కిన గీత స్పష్టంగా కనిపిస్తుంది. అవి అక్కడే ఉంటే సురక్షితమనేవారు ఆ స్పష్టతనూ భద్రతనూ చూపిస్తారు. తిరిగి రావాలనేవారు అవి పుట్టిన నేలను చూపిస్తారు. ఆ వాదనలో తరచూ వదిలేసేది ప్రదక్షిణ బాట. ఫ్లోరెన్స్‌లో డేవిడ్‌ను 1873లో మ్యూజియంలోకి తీసుకుపోయి, 1910లో పాత చోట నకలు నిలబెట్టారు. అసలు రాయి చూడాలన్నా, అసలు చోటు నుంచి చూడాలన్నా అక్కడ వీలుంది. అమరావతిలో స్తూపం దిబ్బ చుట్టూ ఆ బాట మీద ఇవాళ్టికీ నడవొచ్చు. ఎడమచేతి వైపు కనీసం నకళ్లయినా, అప్పటి ఎత్తులో, అప్పటి వరసలో నిలబెడితే నలగిరి కథను నడుస్తూ చదవొచ్చు.